నిపుణులంతా ఒప్పుకున్నారంటే

ఈ వారం ఒక టీవీ చర్చలో వ్యాఖ్యాత "దీనిమీద నిపుణులంతా ఏకాభిప్రాయానికి వచ్చేశారు కదండీ" అని ఎదుటివాళ్ల నోరు మూయించాడు. ఏ నిపుణులు? ఎన్నాళ్లు వాదించుకున్నారు? ఎవరు ఏది వదులుకుంటే ఒప్పందం కుదిరింది? ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ కమిటీ నివేదికనైనా వెనక పేజీల నుంచి, అసమ్మతి పత్రం ఉందేమో వెతుక్కుంటూ చదవాలని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. మళ్లీ రాస్తున్నాను.

పేదరికపు గీత సంగతే తీసుకోండి. 1962లో స్వతంత్ర పార్టీ మీనూ మసానీ, సోషలిస్టు అశోక్ మెహతా, గాంధేయవాది శ్రీమన్నారాయణ్, ఆర్థికవేత్త వి.కె.ఆర్.వి. రావు వంటి వాళ్లు ఒక బృందంగా కూర్చున్నారు. రాజకీయంగా ఒకరి దారి ఒకరిది కాదు. అయినా 1960-61 ధరల్లో మనిషికి నెలకు 20 రూపాయలుంటే కనీసంగా బతకవచ్చని, చదువూ వైద్యమూ ప్రభుత్వం చూసుకుంటుందని అంగీకరించారు. ఆ ఇరవై ఏ లెక్కన వచ్చిందో తర్వాతి పరిశోధకులకు స్పష్టంగా అంతుపట్టలేదు. 1979లో అలఘ్ బృందం మనిషికి రోజుకు పల్లెలో 2400, పట్నంలో 2100 కెలోరీలని ఒక ఆధారం చూపాక గానీ వాదించడానికి ఒక పట్టు దొరకలేదు.

అసలు గొడవ అంకెకు ముందే, అడిగే ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. గీత కింద ఎందరున్నారో తేల్చే ఖర్చుల సర్వే మనిషి గుమ్మంలో నిలబడి "పోయిన 30 రోజుల్లో బియ్యం ఎంత వాడారమ్మా, నూనె ఎంత వాడారమ్మా" అని అడుగుతాడు. నెల రోజుల సంగతి ఎవరికి గుర్తుంటుంది, వారం అడిగితే నయం కదా అనిపిస్తుంది. 1950ల తొలినాళ్లలో గణాంకవేత్త మహలనోబిస్ బృందం పశ్చిమ బెంగాల్లో ఈ సందేహాన్నే పరీక్షకు పెట్టింది. ఇళ్లలో వాడిన సరుకును స్వయంగా తూచి, ఆ తూకాన్ని జ్ఞాపకం మీద చెప్పిన లెక్కలతో పోల్చింది. వారం లెక్క ఎక్కువగా వచ్చింది, నెల లెక్కే తూకానికి దగ్గరగా ఉంది. ఆ పరీక్ష మీద భరోసాతో దేశం దశాబ్దాలపాటు నెల పద్ధతినే పాటించింది. 1990ల నడుమ మళ్లీ అనుమానం వచ్చి, కొన్ని ఇళ్లను పాత పద్ధతిలో, కొన్నింటిని కొత్త పద్ధతిలో అడిగారు. కొత్త పద్ధతిలో తిండికి వారం, బట్టల వంటి అరుదైన ఖర్చులకు ఏడాది. అదే దేశం, అదే సంవత్సరం, పేదల సంఖ్య మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. ప్రశ్న మార్చినందుకే కోట్లమంది గీత దాటేశారు!

1999-2000లో తిండి ఖర్చు గురించి వారం, నెల ప్రశ్నలు రెండూ ఒకే ఇంట్లో, పక్కపక్క గడుల్లో అడిగారు. ఒక జవాబు ఇంకోదాని మీద పడింది. దాంతో ఆ దశాబ్దంలో పేదరికం ఎంత తగ్గిందన్న దానిపై ఆర్థికవేత్తల్లో డీటన్ ఒక లెక్క కట్టాడు, సుందరం, తెందూల్కర్ ఇంకొకటి, అభిజిత్ సేన్, హిమాంశు మరొకటి. వాళ్లలో ఎవరూ అల్లాటప్పా మనుషులు కారు.

ఆ తెందూల్కర్‌కే తర్వాత కమిటీ అప్పజెప్పారు. 2009 నాటి ఆయన నివేదిక చూస్తే ఏకాభిప్రాయపు కిటుకు అర్థమవుతుంది. 2004-05లో పట్టణ పేదలు 25.7 శాతం అన్న పాత అంకె మీద పెద్దగా తగవు లేదు. దాన్ని కదపకుండా, ఆ గీత మీదున్న పట్టణ కుటుంబం కొనే సరుకుల్నే పల్లెకూ కొలతగా పెట్టారు. పల్లె పేదరికం 28.3 శాతం నుంచి 41.8కి ఎగబాకింది. పేచీ లేని చోట మేకు దిగ్గొట్టి తక్కినవన్నీ దానికి కట్టారన్నమాట. ఆ గీత ప్రకారమే 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 9.2 శాతం. పేదలకిచ్చే తెల్ల రేషన్ కార్డు లేని ఇంటిని మాత్రం వెతుక్కోవలసిన రోజులవి.

ఇంత చెప్పాక ఒప్పందాలే వద్దు, ఎవరి లెక్క వాళ్లు చెప్పుకుంటే మేలనాలి. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2014లో రంగరాజన్ బృందం దేశంలో పేదలు తెందూల్కర్ గీత చెప్పిన 21.9 కాదు, 29.5 శాతమని చెప్పింది. ప్రభుత్వం స్వీకరించలేదు. ఆ తర్వాత నీతి ఆయోగ్ కార్యదళం కూర్చుని, గీత విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదని, నిపుణులు ఇంకా లోతుగా పరిశీలించాలని రాసి ఊరుకుంది. 2017-18 ఖర్చుల సర్వే ఫలితాలను నాణ్యత లేదంటూ 2019లో పక్కన పెట్టేశారు. మళ్లీ సర్వే 2022-23లో గానీ జరగలేదు. తెందూల్కర్ గీతను అందరం తిట్టాం, నేనూ తిట్టాను. అయినా తిట్టడానికి ఒక గీత ఉండేది. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లారు, పార్లమెంటులో నిలదీశారు. కుదరలేదన్న మాటను పట్టుకుని ఎవరినని నిలదీస్తాం?

కాబట్టి నాకు ఒప్పందం కావాలి. ఎవరెవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో పేర్లతో సహా అచ్చయిన ఒప్పందం కావాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. 2016 నుంచి రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటును ఆరుగురు సభ్యుల కమిటీ ఓటు వేసి నిర్ణయిస్తోంది. ఓట్లు సమానమైతే బ్యాంకు గవర్నర్‌కు ఇంకో ఓటు. ఎవరు ఎటు వేశారో, ఏం వాదించారో పద్నాలుగో రోజున బయట పెట్టాలని చట్టమే చెబుతోంది. రేటు పావు శాతం కదపడానికి ఇంత ఏర్పాటు చేసుకున్న దేశం పేదల లెక్క తేల్చడానికి కూడా అలాంటి కమిటీని, అలాంటి గడువును చట్టంలో పెట్టవచ్చు.