బట్టీ ఎక్కిన పచ్చి పసుపు

పసుపు వేసి కాచిన మద్యం పచ్చగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. జిన్‌లో అలా జరగదు. పచ్చి పసుపు ముక్కల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి రాగి బట్టీలో మరిగిస్తే, రంగునిచ్చే కర్క్యుమిన్ ఆవిరి కాదు, అడుగునే ఉండిపోతుంది. పైకి లేచేది దుంపలోని నూనె. ఆ మట్టివాసన, ఆ చిరుఘాటు మాత్రమే ఆవిరి వెంట వెళ్లి, చల్లబడి, నీళ్లంత తేటగా ధారకడతాయి. గోవాకు చెందిన నావో స్పిరిట్స్ వారి హపుసా జిన్‌లో హిమాలయాల జూనిపర్ కాయలకు తోడు పసుపు, ధనియాలు, ఏలకులు కూడా పడతాయి.

జిన్‌కు ముందు కావలసింది ఏ వాసనా లేని ఆల్కహాల్. మన దేశంలో అది ధాన్యం నుంచో చెరకు మొలాసిస్ నుంచో వస్తుంది. మొలాసిస్ అంటే నిజామాబాద్ జిల్లాలోని బోధన్ గుర్తుకు రావాలి. మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కాలువలకెక్కాక ఈ నేల చెరకు సీమ అయింది. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ మూత ఈ ప్రాంతానికి ఎంత దెబ్బో బోధన్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అయితే మొలాసిస్ మద్యాన్ని 96 శాతం దాకా శుద్ధి చేస్తే అది బోధన్‌దో మరో ఊరిదో ఎవరూ చెప్పలేరు. ఊరి జాడ మళ్లీ దినుసుల వల్లే రావాలి. జూనిపర్ తప్పనిసరి, అది లేనిదాన్ని జిన్ అనరు. ధనియాల లాంటి గట్టి గింజలు ముందుగా నానాలి. నిమ్మతొక్క లాంటి సున్నితమైన వాటిని కొందరు ఆవిరి దారిలో బుట్టకట్టి ఉంచుతారు. తొలి ధార ముక్కు పగలగొట్టేలా ఉంటుంది, దాన్ని తీసేస్తారు. చివరి ధారలో బరువైన ఉడుకువాసన, అదీ వద్దు. నడిమి ధారే జిన్. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో ఆల్కహాల్ మీటరు కొంత చెబుతుంది, మిగతాది కాచేవాడి ముక్కే తేల్చాలి. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పసారా కాచే చేతులకు ఉన్నదీ ఈ విద్యే. దానికి మనం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటి. నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు కొమ్ముకూ మండకూ ధర కట్టేటప్పుడు కర్క్యుమిన్ శాతం కూడా చూస్తారు. జిన్‌కు కర్క్యుమిన్‌తో పనే లేదు, కావలసింది నూనె. పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టేసరికి ఆ నూనెలో కొంత ఎగిరిపోతుంది. అంటే దుంప తవ్విన వెంటనే, ఉడికించే కడాయికి ఎక్కకముందే కొనేవాడు రావాలి. రైతుకు ఉడకబెట్టే కట్టెల ఖర్చు, ఆరబెట్టే కూలి తప్పుతాయి. జిన్‌కు పట్టే పసుపు కొద్దిపాటిదే, జిల్లా పంట మొత్తాన్ని అది మోయలేదు. కానీ సరుకును మరో కొలతతో చూసే కొనుగోలుదారు వస్తాడు.

ఇది ఊహ మాత్రమే కాదు. చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ అనే మద్యం తయారీదారు దక్కన్ నేలమీద పెరిగే కిత్తనారతో మద్యం తీసి, గట్టు మీది ముళ్లమొక్కకు ధర తెచ్చారు. తర్వాత ఇప్పపువ్వునూ సీసాకెక్కించారు. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం ఇప్పుడు నిజామాబాద్‌లోనే ఉంది. పచ్చి పసుపులోని నూనెను రకంవారీగా పరీక్షించి, ఏ ఊరి దుంపలో ఎంత ఉందో బయటపెట్టే పని ఆ బోర్డు చేపట్టాలి. పసుపు పండించే ఆర్మూరు, బాల్కొండ పేర్లు సీసా మీదికి ఎక్కాలంటే మొదట కావలసింది ఆ లెక్కే.