'మా భూమి' అనుసరణ: ఒక్కని స్మృతి నుండి ఊరి స్మృతికి

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980 మార్చి 23న విడుదలైన 'మా భూమి' తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని చిత్రించిన చలనచిత్రాలలో ప్రథమగణ్యమైనది. ఈ చిత్రానికి మూలం ఏదన్న ప్రశ్నకు మాత్రం తరచు తప్పు సమాధానం వినవస్తుంది. పేరును బట్టి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రచించిన 'మా భూమి' నాటకాన్నే తెరకెక్కించారని భావించడం కద్దు. చిత్రకథకు ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నాటకం నుండి చిత్రానికి పేరు దక్కింది, నవల నుండి కథ దక్కింది, ఉద్యమం నుండి పాట దక్కింది. ఈ మూడింటినీ వేరుచేసి చూస్తూ, నవల చిత్రంగా పరిణమించిన క్రమంలో పోరాటస్మృతి ఎవరి వశమైందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అనుసరణ – ప్రమాణం

అనుసరణను మూలవిధేయత అనే ఒక్క ప్రమాణంతో తూచడం మన విమర్శలో స్థిరపడిన అలవాటు. ఏ ఘట్టం మిగిలింది, ఏది పోయింది అన్న పట్టికతో ఆ తూకం ముగుస్తుంది. మూలరూపానికి ఆయువుపట్టు ఏది, అది కొత్త మాధ్యమంలోకి రాలేనప్పుడు దాని స్థానాన్ని ఏది భర్తీ చేసింది అన్నది అంతకన్నా ఫలవంతమైన ప్రశ్న. సమకాలీన దృశ్యసంస్కృతి నుండి ఒక ఉదాహరణ ఈ ప్రశ్నను స్పష్టం చేస్తుంది. జపానుకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1991లో విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ 2' అనే పోరాట వీడియోగేమ్‌లో ఆటగాడు ఎనిమిది పాత్రలలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. ఎంచుకున్న పాత్రే నాయకస్థానం పొందుతుంది. చివరిదాకా గెలిస్తే ఆ పాత్రకు దానిదైన ముగింపు లభిస్తుంది. గిసాబురో సుగీ దర్శకత్వంలో 1994లో వచ్చిన యానిమే చిత్రం అవే పాత్రలను తీసుకున్నా ర్యూ, కెన్ అనే ఇద్దరి స్నేహాన్ని కేంద్రం చేసుకుంది. ఎవరైనా నాయకులు కాగల ఆట, కొందరే నాయకులైన కథగా కుదించుకుంది. చూపరికి ఎంపిక లేదు గనుక కథకుడే ఎంపిక చేయవలసి వచ్చింది. 'మా భూమి' అనుసరణ సరిగ్గా దీనికి ఎదురు దిశలో సాగింది. ఒక్కని కథను అది ఊరి కథగా విస్తరింపజేసింది.

పేరునిచ్చిన నాటకం

1947 నాటి 'మా భూమి' నాటకం ప్రజానాట్యమండలి ద్వారా ప్రధానంగా కోస్తా జిల్లాల వేదికలపై ప్రదర్శితమైంది. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి బలైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ఉదంతం ఆ నాటకానికి ప్రేరణ. 1948లో మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. నిజాం రాజ్యంలోని రైతు గోడును సరిహద్దు ఆవలి ప్రేక్షకునికి వినిపించడం దాని లక్ష్యం. ఆ సరిహద్దు ఎంత చిత్రమైనదో కోదాడ పరిసరాలే చెబుతాయి. అక్కడికి సమీపంలోని మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, పాలనరీత్యా అది మద్రాసు రాష్ట్రపు కృష్ణాజిల్లాలో భాగం. చిత్రం ఈ నాటకం నుండి స్వీకరించిన బహువచన సర్వనామం గమనార్హం. నవల పేరులో పొలాలు మేలుకొంటాయి. చిత్రం పేరులో ఆ పొలాలను తమవిగా చెప్పుకొనే మనుషులున్నారు.

కథనిచ్చిన నవల

'జబ్ ఖేత్ జాగే' కథాకాలం ఒక్క రాత్రి. ఇరవైరెండేళ్ల రైతు యువకుడు రాఘవరావు ఉరిశిక్షకు ముందు జైలు గదిలో తన జీవితాన్ని నెమరువేసుకొంటాడు. తండ్రి వీరయ్య, వెట్టిచాకిరీ, ఊరు, తిరుగుబాటు, అన్నీ ఆ స్మృతిలో నుండే పాఠకునికి అందుతాయి. ఆ రాత్రి ఒక్కొక్క ఘడియ గడిచే కొద్దీ స్మృతికి విలువ పెరుగుతుంది. తెల్లవారితే గుర్తుచేసుకొనేవాడే ఉండడన్న ఎరుక నవలకు ఆయువుపట్టు. ఈ నిర్మాణం వ్యక్తి అంతరంగానికి గొప్ప లోతునిచ్చింది. అయితే పోరాట చరిత్ర అంతా ఒక్క కంఠంలో ఇమిడిపోయింది. ఆ కంఠం భాష ఉర్దూ. తెలుగు మాట్లాడే రైతు తన చివరి రాత్రి ఉర్దూ గద్యంలో ఆలోచిస్తాడు. అభ్యుదయ రచయితగా కృష్ణచందర్ సానుభూతి నిస్సందేహమైనదే. కానీ ఆ రైతు నుడికారం నవలకు అందుబాటులో లేదు.

చిత్రం చేసిన మార్పు

చిత్రంలో నాయకుడు రామయ్య. అతడు మనసిచ్చిన చంద్రి దొర కామానికి లొంగవలసి రావడంతో ఊరు విడుస్తాడు. శ్రామికోద్యమ పరిచయంతో చైతన్యవంతుడై పోరాటంలో చేరతాడు. ఉరికంబం ముందరి రాత్రి అనే చట్రం సడలడంతో స్మృతిని మోసే ఒక్క మనిషి స్థానం ఖాళీ అయింది. ఆ స్థానాన్ని పాట భర్తీ చేసింది. సుద్దాల హనుమంతు పశులకాపరి బాలునిపై కట్టిన పాట, బండి యాదగిరి నైజాం సర్కారును నిలదీసిన పాట ఉద్యమకాలంలోనే పుట్టినవి. అవి సినిమా కోసం రాసినవి కావు గనుక చిత్రంలో చారిత్రక సాక్ష్యాలుగా నిలుస్తాయి. రెండవ పాటను గద్దర్ తానే తెరపై కనిపించి పాడటంలో మరొక విశేషముంది. 1940ల పాట 1970ల ఉద్యమ గాయకుని గొంతులో వినిపించడం వల్ల రెండు కాలాలు ఒకే దృశ్యంలో కలుస్తాయి. నవలలో తెల్లవారితే ఆగిపోయే స్మృతి, చిత్రంలో గొంతు మారుతూ కొనసాగుతుంది.

భాష విషయంలోనూ ఇదే జరిగింది. తెలంగాణ నుడిని హాస్యానికో ప్రతినాయకత్వానికో పరిమితం చేసిన వాణిజ్య చిత్రాల నడుమ, నాయకుడూ ఊరూ ఆ నుడిలోనే బాధపడి, ఆ నుడిలోనే ఎదిరించడం ఈ చిత్రం సాధించిన గౌరవం. దర్శకుడు బెంగాలీ అయినా బి. నర్సింగరావు వంటి నిర్మాతల భాగస్వామ్యం దానికి స్థానిక ప్రామాణికతనిచ్చింది. మూలంలో లేనిదాన్ని, మూలంలోని మనుషులకు సహజంగా ఉండవలసినదాన్ని, అనుసరణ తిరిగి ఇచ్చింది.

నష్టం కూడా చెప్పవలసినదే. రాఘవరావు అంతరంగంలోని సందిగ్ధత, తండ్రీకొడుకుల మధ్య మాటలకందని ఆర్ద్రత రామయ్యలో పలచబడ్డాయి. ఊరు ముందుకు వచ్చిన మేరకు రామయ్య కొన్నిచోట్ల ఘటనలకు సాక్షిగా మిగిలిపోతాడు. సమష్టిని చిత్రించే కళకు ఇది చెల్లించక తప్పని మూల్యమని సరిపెట్టుకోవడం విమర్శ పని కాదు. వ్యక్తి చిక్కదనాన్ని నిలుపుకొంటూనే ఊరిని చూపగల కథనమార్గం ఈ చిత్రానికి పూర్తిగా దొరకలేదు.

ముగింపు ఘట్టం

1948 సెప్టెంబరు 13న ఆరంభమైన సైనిక చర్యలో విజయవాడ వైపు నుండి కదిలిన సైన్యం కోదాడ, సూర్యాపేటల మార్గంలో హైదరాబాదు దిశగా సాగింది. నిజాం పాలన అంతమైనా, పారిపోయిన భూస్వాములు పలుచోట్ల గ్రామాలకు తిరిగివచ్చారు. పోరాట విరమణకు 1951 అక్టోబరు దాకా పట్టింది. చిత్రంలో దొర గాంధీటోపీ ధరించి ఊళ్లోకి మరలి రావడం ఈ చరిత్రకు దృశ్యరూపం. నవల తన శోకాన్ని ఒక మరణంపై కేంద్రీకరించగా, చిత్రం తన ప్రశ్నను ఒక పునరాగమనంపై నిలిపింది. రాజ్యం మారినా భూమి ఎవరిదన్న ప్రశ్న మారలేదన్న నిర్ధారణ ఒక్క టోపీతో పలికింది. మాటకన్నా వస్తువు ద్వారా అర్థాన్ని స్ఫురింపజేసే చలనచిత్ర శక్తికి ఇది మంచి నిదర్శనం.

నాటకం, నవల, పాట ఈ మూడింటికీ చిత్రం ఋణపడి ఉంది. వాటన్నిటినీ ఒకే పేరు కింద కలిపివేస్తే బందగీ ఉదంతం మీద నిలిచిన నాటకమూ, రాఘవరావు ఒంటరి రాత్రీ రెండూ పాఠకుల దృష్టి నుండి జారిపోతాయి. ఉర్దూ మూలాన్నీ, నిషిద్ధ నాటకాన్నీ, చిత్రాన్నీ పక్కపక్కన ఉంచి బోధించినప్పుడే ఒక పోరాటాన్ని పొరుగువారు ఎలా విన్నారో, సహృదయుడైన పరభాషా రచయిత ఎలా ఊహించాడో, ఆ నేల తన గొంతుతో ఎలా చెప్పుకొన్నదో విద్యార్థికి తెలుస్తుంది.