జాలి మూసుకోని రంగు

వాహనాల ఏసీ భాగాలకు రంగు వేయడంలోని పనితనమంతా, రంగు ఎక్కడ పడకూడదో ఎరిగి ఉండటంలోనే ఉంది. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి వెంట, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి వెంట లారీలకూ కార్లకూ డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్లలో బానెట్‌కు నిగనిగలాడే రంగు తేగలవారు ఎందరో కనిపిస్తారు గాని, కండెన్సర్‌కు రంగు వేసి కూడా క్యాబిన్‌లో చల్లదనం తగ్గకుండా చూడగల ఉస్తాద్‌లు కొద్దిమందే.

రేడియేటర్ ముందు నిలిచి, కంప్రెసర్ నుంచి వేడిగా వచ్చిన గ్యాస్‌ను చల్లార్చి ద్రవంగా మార్చే అల్యూమినియం జాలినే కండెన్సర్ అంటారు. బల్లపరుపు గొట్టాల నడుమ మడతలుగా అమర్చిన ఫిన్‌లు, అంటే రేకు రెక్కలు, సుమారు 0.1 మిల్లీమీటరు మందమే ఉంటాయి. వాటి మీద కోసిన సన్నని చీలికల గుండా గాలి దూరి వేడిని తీసుకుపోతుంది. రంగుపొర అల్యూమినియంలో దాదాపు వెయ్యోవంతే వేడిని ప్రసరింపజేస్తుందన్న మాట నిజమే అయినా, పొర 20 నుంచి 25 మైక్రాన్లు దాటనప్పుడు ఆ అడ్డంకి గాలివైపు సహజంగా ఉండే అడ్డంకిలో ఒక శాతం చుట్టూనే తిరుగుతుంది. అసలు ముప్పు చీలికల్లో రంగు పేరుకుపోవడం వల్ల వస్తుంది; గాలి ఆగితే లోపలి పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ బరువెక్కుతుంది, క్యాబిన్‌లో చల్లదనం పడిపోతుంది. నలుపు వేస్తే కూలింగ్ పెరుగుతుందని వాదించే వర్గమొకటి ఉంది గాని, ఫ్యాను గాలితో పనిచేసే జాలిలో వికిరణం ద్వారా పోయే వేడి వాటా స్వల్పం కనుక, నలుపు గొప్పతనం కంటికి ఇంపుగా ఉండటంతోనే సరి.

ఆరితేరిన పనివాడి చేయి మొదట తెలిసేది కడగడంలోనే. ప్రెషర్ వాషర్ నీటి ధారకు ఫిన్‌లు వంగిపోతాయి, కాస్టిక్ కలిసిన మందు అల్యూమినియాన్ని తినేస్తుంది. అందువల్ల అతడు తేలికపాటి సబ్బునీటితో, మెల్లని ధారతో దుమ్ము వదిలించి, వంగిన రేకులను దువ్వెనతో సరిచేసి, పూర్తిగా ఆరనిస్తాడు. భాగాన్ని బండి నుంచి విప్పితే గొట్టాల మూతులు వెంటనే బిగిస్తాడు, ఎందుకంటే లోపలి ఆయిల్, డ్రయర్‌లోని గుళికలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆ పైన అల్యూమినియాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్‌ను, తర్వాత థిన్నర్‌తో పలుచన చేసిన రంగును, ఉల్లిపొరలా ఒక్కొక్క విసురులో తాకించి వదిలేస్తాడు. తడి ఆరకముందే వెనుక నుంచి గాలి కొట్టి చీలికలు తెరుస్తాడు. జాలి వెనుక లైటు పెట్టినప్పుడు ప్రతి రేకు సందులోనూ వెలుతురు సమానంగా కనిపించేలా నల్లరంగు వేయగలగడం ఈ విద్యలో శిఖరం. అద్దంలాంటి బానెట్ ఫినిషింగ్ కూడా దాని ముందు దిగదుడుపే.

కంప్రెసర్ ఒంటికి పలుచని రంగు హాని చేయదు గాని, దాని క్లచ్ పళ్లేనికీ పుల్లీకీ మధ్య అర మిల్లీమీటరు చుట్టూ ఉండే సందులో రంగు పడితే క్లచ్ జారుతుంది, మాడు వాసన వస్తుంది. కొన్ని బండ్లలో క్లచ్‌కు ఎర్త్ కంప్రెసర్ ఒంటి ద్వారానే అందుతుంది కనుక బోల్టులు కూర్చునే చోటు గీరి ఉంచాలి. గ్యాస్ ఎక్కించే వాల్వులు, డ్రయర్ మీది గాజు కన్ను, రబ్బరు గొట్టాలు మాస్కింగ్ టేపు కిందే ఉండాలి. క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్‌కు రంగు అసలే వద్దు. దాని మీద చేరే నీరు జారిపోవాలి, దాన్ని తాకిన గాలినే మనుషులు పీల్చాలి. గ్యాస్ ఉన్న భాగాన్ని పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పెట్టడం ప్రాణాంతకం. చల్లబరిచే గ్యాస్ ఆర్-12 నుంచి ఆర్-134ఏకు మారింది గాని ఈ నియమాలు మారలేదు.

ఇంత నిష్ఠ గల విద్యను చవకబారు స్ప్రే డబ్బా భ్రష్టు పట్టిస్తోంది. గ్యాస్ కారే చోట కండెన్సర్ మీద జిడ్డు మరక పడుతుంది. కారిన గ్యాస్‌తో పాటు బయటికొచ్చిన ఆయిల్ గుర్తు అది, మెకానిక్‌కు దొరికే మొదటి సాక్ష్యం. ఆ మరక మీద నల్లరంగు గుప్పించి, పాత జాలిని కొత్తదానిలా అంటగట్టడం పెయింటింగ్ కాదు, పచ్చి మోసం. కొన్నవాడు మళ్లీ మళ్లీ గ్యాస్ కొట్టించుకుంటూ డబ్బు పోగొట్టుకుంటాడు, నింద మాత్రం నిజాయితీగా పనిచేసే పెయింటర్ మీద కూడా పడుతుంది. కొనేముందు జాలిని వెలుతురుకు ఎత్తి చూడాలి, నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేయించమని గట్టిగా అడగాలి.

కొత్తగా తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల (మధ్యతరహా, భారీ) లారీల క్యాబిన్‌లకు ఏసీని కేంద్రం తప్పనిసరి చేసింది కనుక, కంకర దుమ్ములో తిరిగే ఆ కండెన్సర్లు రేపు ఈ షెడ్లకే వస్తాయి. ఐటీఐల్లో శీతలీకరణ ఒక ట్రేడు, పెయింటింగ్ మరొక ట్రేడు; రెండింటి మధ్య ఉన్న ఈ పనిని నేర్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. చేతిలో విద్య ఉన్న ఉస్తాద్‌లు స్ప్రే గన్ పక్కన పెట్టకముందే వారిని ఆ తరగతి గదుల్లోకి గౌరవంగా పిలిచి, జీతమిచ్చి, రెండు ట్రేడుల పిల్లల చేతా ఒకే జాలి మీద పని చేయించాలి.