కార్బన్ మోనాక్సైడ్ మీటరు మాట నమ్మేముందు

రంగు లేదు, వాసన లేదు, ముక్కుకు మంట పుట్టించదు. నెత్తుట్లోని హిమోగ్లోబిన్‌ను మాత్రం ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కార్బన్ మోనాక్సైడ్. 1890లలో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ చెప్పినప్పటి నుంచి గని కార్మికులకు చిన్న జీవులే కాపలా కాసేవి. కెనరీ పిట్టలకు అక్కడి గనులు సెలవిచ్చింది 1986లో. పిట్టకు క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. దాని చోటుకొచ్చిన అనలైజర్‌కు కావాలి.

1938లో జర్మనీలో లుఫ్ట్, లేరర్ అనే ఇద్దరు చూపిన దారినే నేటికీ చాలా అనలైజర్లు నడుస్తున్నాయి. 4.6 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిని ఈ వాయువు మింగేస్తుంది. ఎంత కాంతి తగ్గిందో చూసి ఎంత వాయువుందో లెక్క కడతారు. మెలిక ఒకటుంది. పరికరం చూసేది శాంపిల్ నిండిన సెల్‌లోని అణువుల సంఖ్యను, శాతాన్ని కాదు. ఒత్తిడి ఒక శాతం పెరిగితే అంకె కూడా దాదాపు అంతే పెరుగుతుంది. శాంపిల్ బయటికి పోయే వెంట్ గొట్టంలో నీళ్లు నిలిచినా, ఎవరో దాని మూతి నొక్కినా, ఏ లోపమూ లేని మీటరు అబద్ధం చెబుతుంది.

ఆ అబద్ధం ఎంత దూరం పోతుందో సింగరేణి లాంటి బొగ్గు గనుల్లో చూడాలి. మూసేసిన గోఫ్‌లో, అంటే బొగ్గు తవ్వేసిన ఖాళీలో, మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతోందా అని తెలుసుకోవడానికి గ్రాహం నిష్పత్తి చూస్తారు. తగ్గిన ఆక్సిజన్‌లో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం అన్నదే ఆ లెక్క. ఆక్సిజన్ లోటు 0.5 శాతం, వాయువు 20 పీపీఎం అయితే నిష్పత్తి 0.4, కంగారు లేదు. మీటరు సున్నా 40 పీపీఎం పైకి జారి ఉంటే అదే గాలికి 1.2 వస్తుంది. ఒకటి దాటిందంటే బొగ్గు వేడెక్కుతోందని అర్థం. కిందికి జారితే ఇంకా ప్రమాదం, వేడెక్కుతున్నా తెలియదు.

అంకె తేడాగా ఉందనగానే సెన్సార్ పోయిందనడం తొందరపాటు. నా అనుమానం ముందు గొట్టం మీదకే పోతుంది. శాంపిల్ తీసే ప్రోబ్ నుంచి పంపు దాకా లైనంతా పీల్చుకునే వైపు కాబట్టి, అక్కడ గొట్టం అతుకులోని ఫెర్రూల్ ఒకటి వదులైతే వాయువు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ 22 శాతం ఉండాల్సింది 19.8 చూపిస్తే, పదో వంతు గాలి కలిసిందేమో చూడాలి. పరీక్ష సులువే. ప్రోబ్ మూతి మూసి, ప్రవాహం చూపే రోటామీటర్ వంక చూడాలి. గోలీ అడుగున కూర్చుంటే లైను బాగున్నట్టు. అడుగుకు దిగకుండా ఊగుతూనే ఉంటే ఎక్కడో చిల్లుంది.

మోతాదు తెలిసిన సిలిండర్ గ్యాసును ఒకసారి అనలైజర్ మూతి దగ్గర, ఇంకోసారి ప్రోబ్ కొస నుంచి ఇచ్చి చూడటం ఇంకో పద్ధతి. మొదటిచోట సరిగ్గా వచ్చి రెండోచోట తగ్గితే అనలైజర్‌కు ఏ పాపమూ తెలియదు. జవాబు ఆలస్యంగా వస్తుంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. అంకె ఊరికే పైకి పోతుంటే శాంపిల్ తడి తీసే కూలర్ చూడండి, నీటి ఆవిరి కూడా పరారుణాన్ని మింగుతుంది. చేతిలో పట్టుకునే ఎలక్ట్రోకెమికల్ మీటర్ల తంటా వేరు. బ్యాటరీ చార్జింగ్ గదిలో హైడ్రోజన్ తగిలినా అవి కూత పెడతాయి.

ఇవన్నీ తేలాకే క్యాలిబ్రేషన్. ముందు శుద్ధమైన నైట్రోజన్‌తో సున్నా, తర్వాత మోతాదు తెలిసిన స్పాన్ గ్యాస్, మళ్లీ ఒకసారి సున్నా. ప్రవాహం శాంపిల్ పోయేటప్పుడు ఎంతుంటుందో అంతే ఉండాలి. రెగ్యులేటర్‌లో చిక్కుకున్న గాలిని రెండు మూడుసార్లు తోసేయాలి. సిలిండర్ గడువు తేదీ చదవాలి. తక్కువ పీపీఎం మిశ్రమాలకు అల్యూమినియం సిలిండర్ మేలు, ఎక్కువ ఒత్తిడిలో ఈ వాయువు ఉక్కుతో కలిసి ఐరన్ కార్బొనిల్ అవుతుంది. స్పాన్ గ్యాసూ విషమే కాబట్టి వెంట్ గదిలోకి వదలకూడదు.

స్క్రూ ముట్టుకునే ముందు మీటరు చూపించిన అంకెను రిజిస్టర్లో రాయడం అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. సరిచేశాక వచ్చిన అంకె ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది. సరిచేయక ముందుది నెలనెలా కాస్త కాస్త ఒకే వైపు జారుతూ వస్తే సెల్ కిటికీ మసిబారిందనో, దీపం బలం తగ్గిందనో ముందే తెలుస్తుంది. లీకును వెతక్కుండా స్పాన్ తిప్పి అంకెను దిద్దడం నా దృష్టిలో రిపేరు కాదు, మోసం.

పెట్రోలు బంకు దగ్గరి పొల్యూషన్ వ్యాన్‌లో ఉండేదీ ఈ జాతి మీటరే. బీఎస్ 6 పెట్రోలు కారుకు ఐడిలింగ్‌లో పరిమితి 0.3 శాతం. ఈసారి సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు ప్రోబ్‌ను బయటి గాలిలో పట్టించి మీటరు సున్నా చూపుతోందో లేదో చూడండి. సైలెన్సర్‌లోకి కనీసం 30 సెంటీమీటర్లు పోయిందా, సైలెన్సర్‌కు చిల్లులున్నాయా గమనించండి. మీటరు క్యాలిబ్రేషన్ తేదీ కూడా అడగండి.