తెర మీది వెలుగుకు ఒక గడువు

సినిమా ప్రదర్శనలో కాంతిజనకం, అంటే ప్రొజెక్టర్‌లో వెలుగు పుట్టే భాగం, ప్రేక్షకుడి కంటికి ఎన్నడూ కనిపించకపోయినా, చిత్రీకరణలో ఛాయాగ్రాహకుడు పడిన శ్రమ తెర మీద నిలిచేదీ, మసకబారేదీ దానివల్లనే. తొలి దశాబ్దాల థియేటర్లలో రెండు కార్బన్ కడ్డీల మధ్య విద్యుత్తు ప్రవహించగా ఏర్పడే 'ఆర్క్' ఆ వెలుగునిచ్చేది. కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటి నడుమ ఎడం పెరిగిపోకుండా చూడటం ఆపరేటర్ విద్యలో ముఖ్యభాగంగా ఉండేది.

1950లలో జర్మనీలో ప్రదర్శనరంగంలోకి వచ్చిన జినాన్ దీపం ఆ నిరంతర కాపలాను చాలావరకు తప్పించింది. ఇందులో క్వార్ట్జ్ గాజు బుడ్డిలో జినాన్ వాయువును అధిక పీడనంతో నింపి, కొద్ది మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడుల మధ్య ఆర్క్‌ను వెలిగిస్తారు. వాడేకొద్దీ టంగ్‌స్టన్ ఆవిరై గాజు లోపలి గోడకు నల్లగా పేరుకుంటుంది. నల్లబడిన గాజు వెలుగును అడ్డుకోవడమే కాక, వేడిని మరింతగా పీల్చుకుని బలహీనపడి, పగిలే ప్రమాదానికి చేరువవుతుంది. అందుచేత తయారీదారు చెప్పిన గంటలు నిండిన దీపం ఇంకా వెలుగుతున్నా, దాన్ని మార్చవలసిందే.

దీపం చల్లగా ఉన్నప్పుడు కూడా లోపలి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు పది రెట్లు ఉంటుంది కనుక, మార్చేవారు విద్యుత్తును పూర్తిగా ఆపి, దీపం చల్లారేవరకు ఆగి, ముఖకవచం, మందపాటి చేతితొడుగులు, రక్షణ కోటు ధరించి మాత్రమే దీపపు పెట్టె తెరవాలి. దీపాన్ని రెండు కొసల లోహభాగాల దగ్గరే పట్టుకోవాలి. గాజుకు అంటిన వేలి జిడ్డు ఆ వేడికి మాడి, క్వార్ట్జ్‌ను అక్కడే దెబ్బతీస్తుంది. ధన, రుణ కొసలను తారుమారు చేయకుండా బిగించాక, ఆర్క్ సరిగ్గా దీపపు పెట్టెలోని అద్దపు నాభి దగ్గర నిలిచేలా సర్దితేనే వెలుగు తెరంతటా సమంగా పరుచుకుంటుంది.

వెలుగు రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గుతుంది కనుక కన్ను దానికి అలవాటుపడి మోసపోతుంది, వెలుగును కొలిచే మీటరు మోసపోదు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మధ్యన ప్రకాశం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు (క్యాండెలా అంటే కాంతి తీవ్రతకు కొలమానం) ఉండాలి. వేల గంటలు మన్నే లేజర్ ప్రొజెక్టర్లలో దీపం మార్చే పని తప్పినా, వెలుగు క్రమంగా తగ్గడం తప్పదు కాబట్టి కొలిచే బాధ్యత అలాగే ఉంది. పూర్తి టికెట్ ధర చెల్లించిన ప్రేక్షకుడికి పూర్తి వెలుగు అందాలి. థియేటర్ యాజమాన్యాలు దీపం మార్పును ఖర్చుగా కాక, ప్రేక్షకుడికి తీర్చవలసిన బాకీగా లెక్కించాలి.