ట్యాగ్ మీద కోపం

పోయిన వారం తాండూరులో ఒక బరాత్ మా వీధిలో చాలాసేపు ఆగింది. ఆగినందుకు నాకేం బాధ లేదు. జనరేటర్ బండి, దాని ముందు స్పీకర్ల గోడ, ఆ ముందర దుమ్ము రేపే కుర్రాళ్లు లేని పెండ్లి మా దిక్కు ఇప్పుడు లేదు. చిరాకు తెప్పించింది వేరే. మంచి జానపదం ఒకటి మోగుతోంది. పాడుతున్న ఆమె చరణం చివర గొంతును మెల్లగా పైకి లాగుతోంది. సరిగ్గా అక్కడే, ఎకో పెట్టిన మగగొంతు ఒకటి ‘డీజే ఫలానా మిక్స్’ అంటూ అడ్డం పడింది. పల్లవి దగ్గర మళ్లీ. తీన్మార్ అందుకునే ముందు మళ్లీ. పాట అయిపోయేసరికి పాడిందెవరో ఎవరికీ తెలియలేదు గానీ, మిక్స్ చేసినవాడి పేరు మాత్రం వీధిలో పిల్లలందరికీ కంఠతా వచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత జబ్బులు తెలుసు. తాండూరు పేరు చెప్పి వేరే ఊరి కందిపప్పు అమ్మితే ఊరుకోను. బేస్ మోతకు కిటికీ అద్దాలు వణికితే అసలే ఊరుకోను. ఇప్పుడు మూడోది దొరికింది, పాట మధ్యలో డీజే పేరు అరిచే ఈ ట్యాగుల మీద దుమ్మెత్తి పోద్దామనుకున్నాను. అంతకుముందు ఆ పని ఎట్లా చేస్తారో కళ్లారా చూద్దామని వికారాబాద్‌లో మిక్సులు చేసే ఒక కుర్రాడి గదికి పోయాను. పేపర్లో పేరు వద్దన్నాడు. పాటలో అన్నిసార్లు పేరు అరిపించుకునేవాడికి ఇంత మొహమాటమా అంటే, “యూట్యూబ్‌ల స్ట్రైకులు పడుతున్నయ్ సార్, మళ్ల పేపర్ల గూడెందుకు” అన్నాడు.

గదిలో ఒక లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, చిన్న కీబోర్డు. అంతే. సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియం కంపెనీ ఇమేజ్‌లైన్ 1997లో ఫ్రూటీలూప్స్ అని తెచ్చింది ఇదే. కుర్రాడు ముందు పాటలోంచి గొంతును విడదీశాడు. ఇదివరకు అది అయ్యే పని కాదు. పాటంతా ఉంచి, కింద బేస్ కోసి, పైన కొత్త దరువు పరిచేవాళ్లు. పాత తబలా, కొత్త డ్రమ్ము ఒకదాన్నొకటి తన్నుకునేవి. 2019లో ఫ్రాన్సుకు చెందిన డీజర్ కంపెనీ స్ప్లీటర్ అనే ప్రోగ్రాము ఉచితంగా వదిలింది. ఆ కోవలోవి తర్వాత చాలా వచ్చాయి. ఇప్పుడు గొంతొక పక్క, వాయిద్యాలొక పక్క నిమిషాల్లో వేరైపోతాయి.

కష్టమంతా ఆ తర్వాతే. జానపదం పాడేవాళ్లు గడియారం పెట్టుకుని పాడరు. ఒక చరణం ఉరుకుతుంది, ఒకటి నిదానిస్తుంది. కంప్యూటర్ దరువు మాత్రం వెంట్రుకవాసి కదలదు. అందుకని గొంతును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను సాగదీసో కుదించో దరువు మీద కూర్చోబెట్టాలి. ఎక్కువ లాగితే గొంతులో జీవం పోయి రేకు మోత వస్తుంది. ఎంతవరకు లాగొచ్చో చెవికే తెలియాలి. ఒకే పాటను అతను నాకు మూడు రకాలుగా వినిపించాడు: చాటల్ బ్యాండ్, తీన్మార్, రోడ్‌షో. చాటల్ బ్యాండ్‌లో అది ఊరి జాతరలో పాడుతున్న పాట. తీన్మార్‌లో నా కాలు నన్ను అడగకుండానే కదిలింది. రోడ్‌షో దగ్గర నేనే హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. బేస్.

తాండూరులో పని చేసే డీజేకు ఇంకో చిక్కుంది. సేడం, చించోళి నుంచి వచ్చే పెండ్లివాళ్లు కన్నడ జానపదం అడుగుతారు. తండాల్లో లంబాడీ పాట కావాలి. దక్కనీ పాటలు ఎట్లాగూ ఉంటాయి. భాష ఏదైనా అందరికీ కావాల్సింది తీన్మారే. ఆ తీన్మార్ మాత్రం ఎవరి సొత్తు? హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్వదళం వారసులైన సిద్దీలు, బార్కాస్ అరబ్బులు వాయించిన మర్ఫా అనే మేళం నుంచి పెండ్లి ఊరేగింపుల్లోకి వచ్చిన దరువది. తర్వాత ఎవరి మేళం వాళ్లు దాన్ని తమదిగా వాయించుకున్నారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు తాండూరు బజారులో ఒక రికార్డింగ్ షాపుండేది. ఖాళీ క్యాసెట్టు, పాటల చిట్టీ ఇస్తే షాపాయన నింపి పెట్టేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు చిట్టీ ప్రకారం ఎన్నడూ నిండదు. చివర్లో కొంత టేపు మిగిలేది. అక్కడ ఆయన తనకిష్టమైన పాట ఎక్కించేవాడు. పాట మొత్తం పట్టకపోతే ఏ చరణం దగ్గర వాల్యూమ్ దించాలో ఆయనకు బాగా తెలుసు. పాట తెగిందని అనిపించేది కాదు, దూరం పోయిందనిపించేది. మేమంతా హుషారు పాటలు రాసిస్తే, రెండో వైపు చివర ఘంటసాల వచ్చి కూర్చునేవాడు. “ఇది నేను రాయలేదు గదా కాకా” అంటే, “రాయకుంటే ఏమాయె, ఇనరాదు?” అనేవాడు. నాకు ఘంటసాల పరిచయం అట్లాగే. ప్రతి క్యాసెట్టు మొదట్లో ఆయన సొంత గొంతుతో షాపు పేరు ఉండేది, వెనకాల స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టిన గంట మోతతో సహా. అది మాకు విసుగు పుట్టించలేదు సరికదా, గంట వినకపోతే క్యాసెట్టు నకిలీదేమో అనుకునేవాళ్లం. అసలు నకిలీ ఆయనదే, అది వేరే సంగతి. అయితే అట్ట లోపల ప్రతి పాట పక్కన సినిమా పేరు, పాడినవాళ్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. తెలియకపోతే పక్క షాపులో అడిగి మరీ రాసేవాడు.

పాటలో పేరు చెప్పుకోవడం మా దగ్గరొక్కటే లేదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లోనూ మన బరాత్ బండ్ల లాంటి సౌండ్ సిస్టమ్ బండ్లు పోటీ పడేవి. కింగ్ టబ్బీ అక్కడ రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసే మనిషి. ఎవరో రికార్డు చేసిన పాటలోంచి గొంతు తీసేసి, బేస్‌నూ డ్రమ్మునూ ముందుకు తెచ్చి, ఎకోలు వదిలి 1970ల్లో డబ్ అనే కొత్త సంగీతమే చేశాడు. రీమిక్స్ పుట్టిళ్లలో అదొకటి. అక్కడి సౌండ్ సిస్టమ్‌లు గాయకుల చేత తమ పేరు పాటలోనే పాడించి, ప్రత్యేకంగా రికార్డులు చేయించుకునేవి. ఎదుటి బండివాడు ఆ రికార్డు తెచ్చుకున్నా వేయలేడు. వికారాబాద్ కుర్రాడూ అదే చెప్పాడు: “ట్యాగ్ లేకపోతే తెల్లారేసరికి వేరేటోడు వాని పేరు పెట్టుకుంటడు సార్.”

కందిపప్పు సంచి మీద ఊరి పేరుండాలని ఇన్నేళ్లు గొంతు చించుకున్నవాణ్ని, 2022లో తాండూరు కందికి జీఐ గుర్తింపు వస్తే పండగ చేసుకున్నవాణ్ని, ఈ మాట కాదని ఎట్లా అంటాను? చేసినవాడు పేరు చెప్పుకోవాల్సిందే. ట్యాగ్‌తో నాకు పేచీ లేదు. పేచీ అంతా రెండో పేరు లేకపోవడంతోనే. పాడినామె పేరేదీ అని అడిగితే, “యూట్యూబ్‌ల ఉంటది గదా సార్” అన్నాడు. బరాత్‌లో చిందేసేవాడు యూట్యూబ్ తెరిచి చూస్తాడా?

పాత పాటను కొత్తగా మార్చే ఈ పని సినిమావాళ్లకు దర్జాగా చెల్లుతుంది. ‘ఖైదీ నంబర్ 786’లో రాజ్‌కోటి కట్టిన పాటను 2015లో ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’కు మళ్లీ చేస్తే అభిమానులు ఈలలు వేశారు. చట్టం కూడా బరాత్‌ను చిన్నచూపు చూడలేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం పెండ్లి ఊరేగింపులో పాట మోగించడం ఉల్లంఘన కాదు. అనుమతి కావాల్సింది పాటను మార్చి కొత్తగా తయారుచేయడానికి. అదే చట్టానికి 2012లో చేర్చిన 38బి సెక్షన్ పాడినవాళ్లకు, తాము పాడామని గుర్తింపు పొందే హక్కు ఇచ్చింది. సినిమా పాట పాడినవాళ్లకే కాదు, పొలం గట్టు మీది పాటను స్టూడియోలో పాడిన ఆమెకూ.

డీజే తమ్ముళ్లూ, మీ పేరు నిక్షేపంగా అరిపించుకోండి. పాట ఎత్తుకునే ముందు అదే ఎకోలో పాడినామె పేరు ఒక్కసారి వేయండి. ఫైలు పేరులోనూ రాయండి, ఫోన్ల మధ్య తిరిగేది అదే కాబట్టి. మాఘమాసానికి ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు బయానా ఇచ్చేటప్పుడే ఈ మాట డీజేతో అనుకోండి. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు ఆపాలన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాన్నీ అప్పుడే గుర్తుచేయండి. బేస్ సంగతి వచ్చే వారం తేలుస్తాను.