ఉపాధ్యాయ శిక్షణలో యంత్రము: బాకాయా, అద్దమా?

ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు తన వృత్తి వికాసమునకు వినియోగించవలెనని 2020 నాటి జాతీయ విద్యా విధానము నిర్దేశించినది. ఆశయము ఉత్తమమైనదే. అయితే ఆ గంటలలో ఉపాధ్యాయుడు వినుచున్నాడా, నేర్చుకొనుచున్నాడా? ఈ రెండింటికిని చాల భేదము కలదు.

యంత్రసహాయముతో శిక్షణ యిచ్చుట మన దేశమునకు కొత్త కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగములో భాగముగా వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు 12 దినముల విజ్ఞానశాస్త్ర శిక్షణయు జరిగినది. అందు గమనింపదగినది టెలివిజను ఒక్కటే కాదు. దానితోపాటు రేడియో పాఠములు, అచ్చు పుస్తకములు, చేతితో చేయవలసిన ప్రయోగములు, చర్చలు కూడ నుండెను. తెరపై చూచినది చేతికి వచ్చువరకు శిక్షణ ముగియదను గ్రహింపు ఆ ఏర్పాటులో కనబడును.

నిష్ఠ అను జాతీయ శిక్షణ కార్యక్రమము 2019లో ముఖాముఖిగా ఆరంభమై, 2020 అక్టోబరు నుండి దీక్ష వేదిక ద్వారా ఫోను తెరపైకి వచ్చినది. బడులు మూతపడిన కాలమున అది చేసిన మేలు కాదనరానిది. మారుమూల పల్లెలోని ఉపాధ్యాయుడు ఇంటివద్దనే పాఠము వినగలిగెను. అర్థము కానిచో మరల వినగలిగెను. కాని వీడియో చూచి, వ్యాసము చదివి, ప్రశ్నలకు సరియైన జవాబు గుర్తించి ధ్రువపత్రము పొందు పద్ధతిలో పరీక్షకు నిలుచునది ముఖ్యముగా జ్ఞాపకశక్తియే. తరగతిలో చేయవలసిన పనులను సూచించినను, చేయుచుండగా చూచి సరిదిద్దుట తెరకు సాధ్యము కాదు.

లఘులోలకము ఇందుకు మంచి ఉదాహరణము. 1 మీటరు పొడవుగల లోలకమునకు ఒక డోలనము పూర్తియగుటకు సుమారు 2 సెకన్లు, 20 డోలనములకు 40 సెకన్లు పట్టును. విద్యార్థి గడియారము నొక్కుచునే ‘ఒకటి’ అని మొదలిడి, ‘ఇరువది’ అన్నప్పుడు ఆపినచో, జరిగినవి 19 డోలనములే; కాలము 38 సెకన్లే. దానిని 20చే భాగించి లెక్కవేసినచో గురుత్వ త్వరణము 9.8కి బదులు 10.9 వచ్చును. సూత్రము కంఠస్థమైన ఉపాధ్యాయుడు సయితము ఈ తప్పు ఎచట పుట్టినదో వెంటనే పట్టలేకపోవచ్చును. లెక్క ‘సున్న’తో మొదలు కావలెనని పిల్లలచేతనే కనిపెట్టించు నేర్పు తెర ముందు కూర్చున్నంత మాత్రమున రాదు.

ఇట్టి నేర్పునకై 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు సూక్ష్మబోధనను రూపొందించిరి. కొలదిమంది విద్యార్థులకు కొలది నిమిషములు పాఠము చెప్పి, తన బోధనను తానే వీడియోలో చూచుకొని, సరిదిద్దుకొని మరల చెప్పుట దీని సారము. మన దేశములో వాడుకలోనున్న పద్ధతిలో బోధనకు 6 నిమిషములు, విమర్శకు 6, పునఃప్రణాళికకు 12, మరల బోధనకు 6, తుది విమర్శకు 6, వెరసి 36 నిమిషములు. ఇచట యంత్రము ఒకరి మాటను వేలమందికి వినిపించు బాకా కాదు. ఉపాధ్యాయునికి తన పని తనకు చూపు అద్దము.

నాడు అరుదైన కెమెరా నేడు ఉపాధ్యాయుని జేబులోని ఫోనులోనే యున్నది. 50 గంటలలో కొన్నింటిని పాఠశాల సముదాయ సమావేశములలో ఈ అభ్యాసమునకు కేటాయించుట కష్టము కాదు. అయితే ఆ వీడియో ఉపాధ్యాయుని యొద్దనే యుండవలెను. అది తనిఖీకి సాధనమైనచో ఎవ్వరును తమ లోపమును తోటివారి ముందు పెట్టరు. లోపము కనబడనిదే దిద్దుబాటు లేదు.

ధ్రువపత్రములు ఎన్ని యిచ్చితిమను లెక్క అధికారులకు సులభము. మరునాటి తరగతిలో డోలనములను సరిగా లెక్కించినవారు ఎందరను లెక్కయే విద్యార్థులకు ముఖ్యము.